కౌంటీ బోర్డుకు పోటీ: కరపత్రంలో ఉండేవి, చేతిలో ఉండేవి

అమెరికాలోని తెలుగువాళ్లు అధ్యక్ష ఎన్నికల గురించి ఏడాది ముందు నుంచే వాదించుకుంటారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికలు వచ్చిపోయిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఇంటి పన్ను రేటు ఎంతో, పెరటి కంచె అవతలి ఖాళీ జాగాలో ఇళ్లు వస్తాయో డేటా సెంటర్ లేస్తుందో, స్కూలు జిల్లాకు ఎంత డబ్బు వెళ్తుందో తేల్చేది వాషింగ్టన్ కాదు, కౌంటీ బోర్డు. ఆ బోర్డుకు పోటీ చేసేవాళ్లు ఇంటింటికీ పంచే కరపత్రంలో ఓ నాలుగైదు ప్రాధాన్యాలు రాసుకుంటారు. ఏ పార్టీ కరపత్రం తీసినా దాదాపు అవే మాటలు: మంచి బడులు, ట్రాఫిక్‌కు పరిష్కారం, భద్రత, తక్కువ పన్నులు, పద్ధతిగా అభివృద్ధి. వీటిలో ఎవరికీ అభ్యంతరం ఉండదు, అదే చిక్కు. గెలిచాక ఆ మనిషి చేతిలో నిజంగా ఉండేవి ఇందులో కొన్నే. ఏవి ఉంటాయో తెలిస్తే కరపత్రం వేరేలా కనిపిస్తుంది.

దీనికి వర్జీనియాలోని లౌడన్ కౌంటీని మించిన ఉదాహరణ దొరకదు. వాషింగ్టన్‌కు వాయవ్యంగా, డల్లస్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉంటుంది. 1990 జనాభా లెక్కల్లో అక్కడ 86,129 మంది. 2000లో 1,69,599, 2010లో 3,12,311, 2020లో 4,20,959. ముప్పై ఏళ్లలో దాదాపు ఐదు రెట్లు. కుటుంబాల మధ్యస్థ ఆదాయంలో దేశంలోనే పైవరసలో ఉండే కౌంటీ. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, ఆల్డీ, సౌత్ రైడింగ్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. కౌంటీ తూర్పు భాగం టౌన్‌హౌసులతో, మెట్రో స్టేషన్లతో, డేటా సెంటర్లతో నిండిపోతే, పడమటి భాగంలో ఇప్పటికీ గుర్రాల దొడ్లు, ద్రాక్షతోటలు, కంకర రోడ్లు కనిపిస్తాయి. ఒకే బోర్డు ఈ రెండిటినీ చూసుకోవాలి.

ఈ కౌంటీ బోర్డు పేరు బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్, అందులో తొమ్మిది మంది. చైర్‌ను కౌంటీ అంతా కలిసి ఎన్నుకుంటుంది. మిగతా ఎనిమిది మంది కౌంటీ లోపలి ఎనిమిది ఎన్నికల జిల్లాల నుంచి ఒక్కొక్కరు వస్తారు. పదవీకాలం నాలుగేళ్లు, తొమ్మిది సీట్లకూ ఒకేసారి ఎన్నిక. 2019లో, 2023లో జరిగాయి, తర్వాతివి 2027 నవంబరులో. అధ్యక్ష ఎన్నికలు లేని బేసి సంవత్సరాల్లో పెట్టడం వల్ల పోలింగ్ తక్కువగా ఉంటుంది. కాబట్టి కొన్ని వందల ఓట్లు కూడా ఒక జిల్లా ఫలితాన్ని మార్చేయగలవు. పోటీకి దిగడం కూడా పెద్ద కష్టమేమీ కాదు. జిల్లా సీటుకైతే ఆ జిల్లా ఓటర్ల నుంచి 125 సంతకాలు చాలు.

మన జిల్లా పరిషత్‌తో పోల్చి చూస్తే ఒక తేడా వెంటనే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో జిల్లా పాలన నడిపేది కలెక్టర్. ఆయన్ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. జడ్పీ చైర్‌పర్సన్‌కు కలెక్టర్‌ను మార్చే అధికారం కలలో కూడా లేదు. లౌడన్‌లో తలకిందులు. కౌంటీ అడ్మినిస్ట్రేటర్ అనే ఉన్నతాధికారిని పనిలో పెట్టుకునేది, తీసేసేది ఎన్నికైన బోర్డే. అంతమాత్రాన బోర్డు సర్వాధికారి అనుకుంటే పొరపాటు. రాష్ట్రం ఇవ్వని అధికారం దానికి ఒక్కటీ లేదు. అయోవా న్యాయమూర్తి జాన్ డిలన్ 1868లో చెప్పిన సూత్రాన్ని వర్జీనియా గట్టిగా పాటిస్తుంది: స్థానిక ప్రభుత్వానికి రాష్ట్ర శాసనసభ స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటి నుంచి తప్పనిసరిగా వచ్చేవి మాత్రమే ఉంటాయి, సందేహం వస్తే లేనట్టే లెక్క. వర్జీనియాలో కౌంటీ అభ్యర్థి ఏ హామీ ఇచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ పని చేయడానికి రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లోని శాసనసభ మీకు అనుమతి ఇచ్చిందా?

వేరే రాష్ట్రాల్లో లెక్క వేరేగా ఉంటుంది. టెక్సస్‌లో కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరుకు కోర్టు, దాని పెద్ద పేరుకు కౌంటీ జడ్జి, కానీ అది పాలకవర్గమే. లాస్ ఏంజలెస్ కౌంటీలో కోటి మంది జనానికి చాలా దశాబ్దాలుగా ఐదుగురే సూపర్‌వైజర్లు. ఆ సంఖ్యను తొమ్మిదికి పెంచడానికి 2024లో ఓటర్లు ఒప్పుకున్నారు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 లెక్కల ప్రకారం 64 మందే ఉన్నారు, వాళ్లకూ ఒక కౌంటీ ప్రభుత్వం ఉంది. కనెక్టికట్‌లోనైతే కౌంటీ ప్రభుత్వాలనే 1960లో ఎత్తేశారు. అందుకే టెక్సస్‌లోని డల్లాస్ దగ్గర ఉంటున్న బంధువు చెప్పే కౌంటీ కబుర్లు లౌడన్‌కు అతకవు.

రోడ్ల నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే కరపత్రంలో ఎక్కువ చోటు వాటికే. ‘మన వీధిలో గుంతలు పూడుస్తాం’ అనే అభ్యర్థి వర్జీనియా కౌంటీలో దాదాపుగా తనది కాని పనికి హామీ ఇస్తున్నట్టే. 1932లో వచ్చిన బర్డ్ రోడ్ చట్టంతో కౌంటీల్లోని రోడ్లు రాష్ట్రం చేతిలోకి పోయాయి. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రమే తమ రోడ్లు తామే చూసుకుంటాయి. మిగతా చోట్ల గుంత పూడ్చడం, మంచు తీయడం రాష్ట్ర రవాణా శాఖ పని. కాలనీ లోపలి రోడ్డు ఇంటి యజమానుల సంఘానిదైతే అది ఇంకో కథ. కౌంటీకి ఫోన్ చేస్తే మర్యాదగా విని వేరే నంబర్ ఇస్తారు.

అలాగని రోడ్ల మాట ఎత్తిన అభ్యర్థి అబద్ధం ఆడుతున్నట్టు కాదు. రాష్ట్రం డబ్బు కోసం ఎదురుచూస్తే పదేళ్లు పడుతుందని లౌడన్ సొంత బాండ్ల డబ్బుతో, ప్రాంతీయ రవాణా సంస్థ నిధులతో కొత్త రోడ్లు, ఇంటర్‌ఛేంజ్‌లు కట్టించి రాష్ట్రానికి అప్పగిస్తోంది. కాబట్టి ‘ట్రాఫిక్ తగ్గిస్తాం’ అన్న మాటకు విలువ లేదు కానీ, ‘ఫలానా రోడ్డు విస్తరణను మూలధన ప్రణాళికలో రెండేళ్లు ముందుకు జరుపుతాం, దానికోసం ఫలానా పార్కును వెనక్కి నెడతాం’ అన్న మాటకు ఉంది. రెండో రకం మాట చెప్పే అభ్యర్థులు అరుదు. వెనక్కి పోయే పార్కు పక్కన కూడా ఓటర్లుంటారు మరి.

డల్లస్ గ్రీన్‌వే టోల్ సంగతి ఇంకా తమాషా. లీస్‌బర్గ్ నుంచి విమానాశ్రయం దాకా 14 మైళ్ల ప్రైవేటు రహదారి, 1995లో తెరిచారు. 2023లో రద్దీ వేళ టోల్ 5.80 డాలర్లు. దాన్ని 8.10కి పెంచుతామని కంపెనీ ఆ ఏడాది అడిగింది, ఇలాంటి ధరలకు అనుమతి ఇచ్చే రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్ 2024లో కుదరదంది. లౌడన్‌లో ప్రతి ఎన్నికలోనూ ఈ టోల్‌ను తిట్టని అభ్యర్థి ఉండరు. కానీ టోల్ ధర కౌంటీ బోర్డు ఓటుతో ఒక్క సెంటు కూడా మారదు. బోర్డు చేయగలిగింది ఆ కమిషన్ ముందు లాయర్లను పెట్టి వ్యతిరేకించడం. అది చేసింది కూడా. ‘టోల్ తగ్గిస్తాను’ అనడానికీ ‘పెంపును వ్యతిరేకించడానికి లాయర్ల ఖర్చు పెడతాను’ అనడానికీ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిది చప్పట్లు తెస్తుంది, నిజం మాత్రం రెండోదే.

భద్రత కూడా ఇంతే. లౌడన్‌లో శాంతిభద్రతలు చూసేది షెరిఫ్, ఆయన్ను ప్రజలే విడిగా ఎన్నుకుంటారు. ప్రాసిక్యూటర్‌కూ, ట్రెజరర్‌కూ, పన్ను లెక్కలు చూసే కమిషనర్‌కూ, కోర్టు క్లర్కుకూ అదే పద్ధతి. వీళ్లు బోర్డు కింద పనిచేసే ఉద్యోగులు కారు. షెరిఫ్ ఎక్కడ గస్తీ పెట్టాలో బోర్డు చెప్పలేదు, ఆయన బడ్జెట్‌కు కౌంటీ వాటా ఎంతో మాత్రం తేలుస్తుంది. షెరిఫ్ బదులు కౌంటీ పోలీసు శాఖ పెట్టుకోవాలంటే చట్టం ప్రకారం ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నేరుగా బోర్డు చేతిలో ఉండే భద్రత ఏదైనా ఉందంటే అది అగ్నిమాపక, అంబులెన్స్ సేవ. వలంటీర్లు, జీతం మీద పనిచేసే సిబ్బంది కలిసి నడిపే వ్యవస్థ అది. కొత్త స్టేషన్ ఎక్కడ కట్టాలి, ఎంతమందిని తీసుకోవాలి అన్నవి అసలైన భద్రతా ప్రశ్నలు. కరపత్రంలో వాటికి చోటు దొరకదు. షెరిఫ్ బ్యాడ్జీ బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగడం తేలిక.

బడుల విషయంలో తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా గందరగోళపడతారు. స్కూల్ బోర్డు వేరే, దానికీ తొమ్మిది మంది విడిగా ఎన్నికవుతారు. పాఠ్యాంశాలు, స్కూలు సరిహద్దులు, సూపరింటెండెంట్ నియామకం అన్నీ వాళ్లవి. 2021లో లౌడన్ స్కూల్ బోర్డు సమావేశాల గొడవ దేశమంతా టీవీల్లో మోగిపోయినప్పుడు, దానితో సంబంధం లేని కౌంటీ సూపర్‌వైజర్లను నిలదీసినవాళ్లు కూడా ఉన్నారు. అయితే వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రం ఇచ్చేది పోను స్థానికంగా కావాల్సిన డబ్బంతా కౌంటీ బోర్డు ఇవ్వాల్సిందే. కౌంటీ స్థానిక పన్నుల్లో సగానికి పైగా బడులకే పోతుంది. అంటే బడిలో ఏం చెప్పాలో సూపర్‌వైజర్ చెప్పలేరు, చెప్పే టీచరుకు జీతం పెరగాలా వద్దా అన్నదాంట్లో మాత్రం ఆయన మాటే పెద్దది. ‘బడులను పూర్తిగా ఆదుకుంటాం, పన్నులు తగ్గిస్తాం’ అని ఒకే కరపత్రంలో రాసిన అభ్యర్థిని, స్కూల్ బోర్డు అడిగిన మొత్తంలో ఎంత కోస్తారని అడగాలి.

పన్ను దగ్గర కాస్త ఆగి చూడాలి. ఇక్కడే అంకెలతో ఎక్కువ ఆట జరుగుతుంది. లౌడన్‌లో ఆస్తి పన్ను రేటు 2012లో ప్రతి 100 డాలర్ల విలువకు 1.235 డాలర్లు. 2025లో 0.805. దాదాపు మూడోవంతు తగ్గింది. ‘రేటు తగ్గించాం’ అని ఏ పార్టీ సూపర్‌వైజర్ చెప్పినా అది నిజమే. ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. 2012లో దాని విలువ 4,50,000 డాలర్లు, 2025లో 8,00,000 అనుకుందాం. అప్పటి బిల్లు 5,557 డాలర్లు, ఇప్పటి బిల్లు 6,440. రేటు తగ్గింది, చేతి నుంచి పోయే డబ్బు పెరిగింది. పైగా చాలామందికి ఆ డబ్బు మార్ట్‌గేజ్‌తో పాటే, పన్ను కోసం బ్యాంకు విడిగా దాచే ఎస్క్రో ఖాతాలోంచి పోతుంది కాబట్టి జూన్ 5, డిసెంబర్ 5 గడువులు కూడా గుర్తుండవు. నెలవారీ కిస్తీ ఎందుకు పెరిగిందని బ్యాంకును తిట్టుకుంటారు. అందుకే ‘రేటు’ అనే అభ్యర్థిని ‘సగటు బిల్లు’ సంగతి అడగాలి. ఆ 8,00,000 డాలర్ల ఇంటికి రేటులో ఒక పెన్నీ అంటే ఏడాదికి 80 డాలర్లు. కౌంటీ ఖజానాకు అదే పెన్నీ కోట్ల డాలర్లు.

బడ్జెట్ క్యాలెండర్ కూడా అభ్యర్థి మాటకు కొలబద్దే. ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేటర్ ప్రతిపాదన ఇస్తారు, ఆ తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి, ఏప్రిల్ మొదట్లో బోర్డు ఓటేస్తుంది. ముందుగా ఒక గరిష్ఠ పన్ను రేటును ప్రకటన రూపంలో ప్రచురించాలి. ఆ తర్వాత దానికంటే తక్కువ రేటు పెట్టుకోవచ్చు కానీ, మళ్లీ ప్రకటన, మళ్లీ విచారణ లేకుండా ఎక్కువ పెట్టకూడదు. కాబట్టి అసలు పోరు ఏప్రిల్ ఓటు దగ్గర కాదు, ఆ ప్రకటన రేటు దగ్గర నడుస్తుంది. విచారణలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు మాట్లాడే వీలుంటుంది. క్రికెట్ పిచ్ కావాలన్నా, లైబ్రరీ వేళలు పెంచాలన్నా ఆ నిమిషాలు పనికొస్తాయి. పార్కులూ మైదానాలూ పూర్తిగా కౌంటీ చేతిలోవే. ఆల్డీ దగ్గరి హాన్సన్ ప్రాంతీయ పార్కులో క్రికెట్‌కు చోటు దక్కింది దక్షిణాసియా కుటుంబాల జనాభా పెరిగాకే.

ఇక డేటా సెంటర్లు. లౌడన్‌లో ఏ అభ్యర్థినైనా కొలవాల్సింది దీని మీదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరుగుతాయి. ఆష్‌బర్న్ చుట్టుపక్కల కౌంటీలో దాదాపు 200 డేటా సెంటర్లు ఉన్నాయి. ప్రపంచంలో ఇంత గుంపుగా ఇంకెక్కడా లేవని చెప్పుకుంటారు. మన హైదరాబాద్ శివార్లలోనూ, ఈమధ్య విశాఖలోనూ డేటా సెంటర్ల కోసం ప్రభుత్వాలు పోటీ పడుతున్న తీరు చూస్తున్న పాఠకులకు లౌడన్ అనుభవం అక్కరకొస్తుంది. డేటా సెంటర్‌కు జనం తక్కువ, బడికి వెళ్లే పిల్లలు లేరు, ట్రాఫిక్ పెద్దగా ఉండదు. లోపల ఉన్న సర్వర్ల మీద మాత్రం ఏటా ఆస్తి పన్ను వస్తుంది. వాటికి కౌంటీ ఖర్చుపెట్టే ప్రతి డాలరుకూ 26 డాలర్లు పన్నుగా వస్తాయని కౌంటీ చెప్పుకున్న లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. ఇంటి పన్ను రేటు 1.235 నుంచి 0.805కి దిగడంలో ఇళ్ల ధరలు పెరగడంతో పాటు ఈ సర్వర్ల వాటా కూడా పెద్దదే.

కానీ సర్వర్ భూమి లాంటిది కాదు. కొన్న మర్నాటి నుంచే విలువ పడిపోతుంది, మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తారు. కంపెనీ కొత్తవి ఎప్పుడు పెడుతుందో కౌంటీకి ముందుగా తెలియదు. 2021లో ఈ ఆదాయం అంచనా కంటే దాదాపు 6 కోట్ల డాలర్లు తగ్గిపోయింది. ఆ ఏడాది బడ్జెట్ సర్దుబాటు చేసుకోలేక బోర్డు తల పట్టుకుంది. ఒకే రంగం మీద ఇంతగా ఆధారపడటం మంచిదా అన్న ప్రశ్న అప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. 2022 జులైలో విద్యుత్ సంస్థ డొమినియన్, కొత్త డేటా సెంటర్లకు కరెంటు లైన్లు సకాలంలో ఇవ్వలేమని చెప్పింది. దాంతో హైటెన్షన్ తీగల గొడవ మొదలైంది. స్తంభాలు ఎవరి ఇంటి వెనక నుంచి పోవాలి, భూమి లోపల వేయవచ్చా? ఈ తీగలకు అనుమతి ఇచ్చేది మళ్లీ రాష్ట్ర కార్పొరేషన్ కమిషనే. కౌంటీ వద్దన్నా పోతాయి. అయితే ఆ తీగల అవసరం పుట్టించింది ఎవరు? భూమి వాడకాన్ని అనుమతించిన కౌంటీ బోర్డు.

ఇక్కడ ‘బై రైట్’ అనే మాట అర్థమైతే సగం రాజకీయం అర్థమైనట్టే. ఏ భూమిలో ఏం కట్టవచ్చో చెప్పే జోనింగ్ నిబంధనల్లో ఒక ప్రాంతంలో డేటా సెంటర్‌కు బై రైట్ అనుమతి ఉందంటే, స్థలం యజమాని ప్లాన్ నిబంధనల ప్రకారం పెడితే చాలు, బోర్డు ఓటు అక్కర్లేదు, బహిరంగ విచారణ అక్కర్లేదు. పక్కింటివాళ్లకు తెలిసేది బుల్‌డోజర్ వచ్చినప్పుడే. అదే బోర్డు ఓటు కావాల్సిన పద్ధతిలో అయితే షరతులు పెట్టవచ్చు: చెట్ల వరస వదలాలి, కూలింగ్ ఫ్యాన్ల రొద తగ్గించాలి, గోడ ఎత్తు ఇంతకు మించకూడదు. జోనింగ్ మార్పు కోరే బిల్డర్లు స్వచ్ఛందంగా ఇచ్చే రోడ్లు, స్కూలు స్థలాలు, నగదు వాగ్దానాలను అక్కడ ప్రాఫర్లు అంటారు. పేరుకే స్వచ్ఛందం, అసలు బేరం అక్కడే జరుగుతుంది. బై రైట్ అయితే ఆ బేరమూ లేదు. 2025 మార్చిలో లౌడన్ బోర్డు కౌంటీ అంతటా డేటా సెంటర్లకు ఈ బై రైట్ అనుమతిని తీసేసింది. అప్పటికే అనుమతులు పొందినవాటిని అది ఆపలేదు కానీ, ఇకమీదట కొత్తగా వచ్చే ప్రతి దరఖాస్తూ బోర్డు ముందు ఓటుకు రావాలి.

ఈ ప్రశ్న పదవులు ఊడగొట్టగలదని పక్కనే ఉన్న ప్రిన్స్ విలియం కౌంటీ చూపించింది. అక్కడ మనాసస్ యుద్ధభూమి జాతీయ పార్కును ఆనుకుని 2,000 ఎకరాలకు పైగా భూమిలో డిజిటల్ గేట్‌వే పేరుతో డేటా సెంటర్ల సముదాయం పెట్టాలన్నారు. ఆ ప్రాంతం నుంచి ఎన్నికైన సూపర్‌వైజర్ తన స్థలాన్ని కూడా డెవలపర్‌కు అమ్మే ఒప్పందంలో చేరడంతో ఓటు వేయలేని స్థితిలో పడి, చివరికి 2022 డిసెంబరులో రాజీనామా చేశారు. ప్రాజెక్టును సమర్థించిన బోర్డు చైర్ ఆన్ వీలర్ 2023 జూన్‌లో సొంత పార్టీ ప్రైమరీలోనే డెషండ్రా జెఫర్సన్ చేతిలో ఓడిపోయారు. దిగిపోయే ముందు, ఆ డిసెంబరులో, దాదాపు 27 గంటలు సాగిన విచారణ తర్వాత పాత బోర్డు స్వల్ప తేడాతో ప్రాజెక్టుకు ఓటేసింది. 2025 ఆగస్టులో కోర్టు ఆ జోనింగ్ మార్పును కొట్టేసింది. కారణం: చట్టం చెప్పిన ప్రకారం ముందస్తు ప్రకటన సరిగా ఇవ్వలేదని. కొన్నివేల కోట్ల డాలర్ల వ్యవహారం ఒక పత్రికా ప్రకటన దగ్గర ఆగింది.

జాతీయ పార్టీ రంగులు ఈ విషయాల్లో అంతగా పనికిరావు. 2011 ఎన్నికల్లో లౌడన్ బోర్డులోని తొమ్మిది సీట్లూ రిపబ్లికన్లే గెలిచారు. ఆ మరుసటి ఏడాది, 2012 జులైలో, మెట్రో రైలును కౌంటీలోకి తేవాలా వద్దా అన్న ఓటు వచ్చింది. తొమ్మిది మంది ఒకే పార్టీవాళ్లు, ఫలితం 5–4. పదేళ్ల తర్వాత, 2022 నవంబర్ 15న, ఆష్‌బర్న్ దాకా సిల్వర్ లైన్ రైలు నడిచింది. స్టేషన్ల చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు వస్తాయని ఆశపడి వేసిన ఓటు అది. ఇప్పుడు ఆ భూముల మీద కూడా డేటా సెంటర్ల కన్ను పడుతోంది. ఇళ్లు కట్టే బిల్డర్ కంటే డేటా సెంటర్ కంపెనీ ఎకరానికి చాలా ఎక్కువ పెట్టగలదు. టీచర్లు, షెరిఫ్ డిప్యూటీలు లౌడన్‌లో ఇల్లు కొనలేక పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చి పనిచేస్తున్నారంటే, దానికీ ఈ భూముల ధరలకూ సంబంధం లేకుండా పోదు. ‘అందుబాటు ధరల్లో ఇళ్లు’ అని కరపత్రంలో రాసిన అభ్యర్థి, ఏ భూమిని ఇళ్లకు అట్టిపెడతారో, దానివల్ల వదులుకునే పన్ను ఎంతో కూడా చెప్పగలగాలి.

జాతీయ రాజకీయం అస్సలు లోపలికి రాదని కాదు. 2017లో సైకిల్ మీద వెళ్తూ అధ్యక్షుడు ట్రంప్ వాహనశ్రేణికి మధ్యవేలు చూపించి ఉద్యోగం పోగొట్టుకున్న జూలీ బ్రిస్క్‌మన్, 2019లో ఆల్గాంకియన్ జిల్లా నుంచి ఇదే లౌడన్ బోర్డుకు గెలిచారు. ఆ ఫొటో ఆమెకు పేరు తెచ్చింది, విరాళాలు తెచ్చింది. గెలిచాక ఆమె ముందుకొచ్చిన ఫైళ్లు మాత్రం జోనింగ్, బడ్జెట్, కాలిబాటలవి. వైట్‌హౌస్ మీద కోపం ఆ ఫైళ్లలో దేనికీ జవాబు చెప్పదు.

విరాళాల మాట వచ్చింది కాబట్టి: వర్జీనియాలో రాష్ట్ర, స్థానిక ఎన్నికల్లో ఎవరు ఎంత ఇవ్వాలన్న పరిమితి లేదు. ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టాలన్నదే నియమం. వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఆ లెక్కలను వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది. భూమి వాడకం తేల్చే పదవికి భూమి వ్యాపారులు డబ్బు ఇవ్వడంలో వింత లేదు. అభ్యర్థి ‘అభివృద్ధికి కళ్లెం వేస్తాం’ అన్నప్పుడు ఆ జాబితా ఒకసారి తెరిచి చూస్తే చాలు, పది ఉపన్యాసాలు విననక్కర్లేదు.

తెలుగువాళ్లలో చాలామందికి దీనిలో ఒక అడ్డు ఉంది. హెచ్1బి మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు ఇంటి పన్ను, కారు పన్ను అణా పైసలతో కడతారు, పిల్లల్ని ఆ బడులకే పంపుతారు, కానీ ఓటు లేదు. పౌరులు కాకుండా ఓటు నమోదు చేసుకుంటే ఇమ్మిగ్రేషన్ కేసే మునుగుతుంది. కాబట్టి డీఎంవీలో లైసెన్స్ తీసుకునేటప్పుడు వచ్చే ఓటరు నమోదు ప్రశ్నకు తొందరపడి అవునని టిక్ పెట్టకూడదు. విరాళాల్లోనూ తేడా ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అభ్యర్థికి డబ్బు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికలకు కూడా ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. తెలిసిన తెలుగు అభ్యర్థి నిలబడ్డాడని సంఘం వాట్సాప్ గ్రూపులో నిధుల లింకు తిప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. బహిరంగ విచారణలో మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అడగరు. బోర్డు ముందు నిలబడి రెండు నిమిషాలు చెప్పే హక్కు కౌంటీలో ఉండే ఎవరికైనా ఉంటుంది, ఆ హక్కును మనవాళ్లు వాడుకునేది చాలా తక్కువ.

2027లో లౌడన్‌లో పోటీ చేసేవాళ్ల పరిస్థితి అంతకుముందు అభ్యర్థులకంటే భిన్నంగా ఉంటుంది. బై రైట్ ఉన్నన్నాళ్లూ, ఇంటి పక్కన డేటా సెంటర్ లేస్తే ‘పాత నిబంధనలు, మా చేతిలో ఏమీ లేదు’ అని సూపర్‌వైజర్ తప్పుకునేవారు. ఇప్పుడు కొత్త దరఖాస్తులన్నీ ఓటుకు వస్తాయి. ఒక్కొక్కదాని మీదా ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో రికార్డులో ఉంటుంది. కాదంటే ఆ సర్వర్ల పన్ను రాదు, మరుసటి ఫిబ్రవరిలో ఆ లోటును ఇంటి పన్ను రేటులోనో, స్కూల్ బోర్డు అడిగిన మొత్తంలోనో సర్దాలి. ఔనంటే స్తంభాలు ఎవరి పెరటి వెనక్కి వస్తాయో వాళ్లకు జవాబు చెప్పాలి. తక్కువ పన్నులు, మంచి బడులు, తక్కువ డేటా సెంటర్లు: ఈ మూడూ ఒకే కరపత్రంలో రాసినవాళ్లను మూడిటిలో దేన్ని ముందు వదులుకుంటారో ప్రచార సభలోనే అడిగితే సరిపోతుంది.